మామయ్య కెమెరాకి ఏ జూమ్ కొనాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఉద్యోగం విజయనగరంలో. మా మేనమామ తన స్టూడియో మూసేసినప్పుడు నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరాని, దాని 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సుని తోలు సంచితో సహా నాకిచ్చారు. అప్పటినుంచి ఫిల్మ్ మీదే తీస్తున్నాను. ఈ ఏడు పైడితల్లమ్మ సంబరం సరిగ్గా తీయాలని ఉంది. పోయినసారి జనంలో ఇరుక్కుపోయాను, 50తో సిరిమాను (చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) సగమే పడింది. తప్పెటగుళ్లు, శ్రీముఖలింగం శిల్పాలు, ఇంట్లో శుభకార్యాలు కూడా తీస్తుంటాను. ఒక్క జూమ్ లెన్సుకి డబ్బు కూడబెట్టాను. నాకు దొరుకుతున్నవి ఐదు. మామయ్య స్నేహితుడి దగ్గర పాత 43-86 ఎఫ్ 3.5 ఉంది. విశాఖలో ఒక షాపులో సిరీస్ ఇ 36-72 ఎఫ్ 3.5, మాన్యువల్ 35-70 ఎఫ్ 3.3-4.5, ఆటోఫోకస్ 35-70 ఎఫ్ 2.8 ఉన్నాయి. అక్కడే కొత్తదానిలా మెరిసిపోతున్న 28-80 జి లెన్సు కూడా ఉంది, అన్నిటికంటే అదే చవక. అందరూ 2.8నే మెచ్చుకుంటున్నారు. మామయ్య మాత్రం "జూమ్ ఎందుకే, 50 చాలదా" అంటారు. 50ని అమ్మేసి, ఆ డబ్బు కూడా కలిపి 2.8 కొనమంటారా? ఏదీ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

— ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: 50ని అమ్మకండి. 36-72 సిరీస్ ఇ కొనండి, అయితే లోపలి గాజు శుభ్రంగా ఉంటేనే. అది బాగోకపోతే 35-70 ఎఫ్ 3.3-4.5 తీసుకోండి. మిగతా మూడూ వదిలేయండి. ఎందుకో వివరంగా చెబుతాను. లెన్సు పేరులో 36-72 లాంటివి మిల్లీమీటర్లు, అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా పడుతుంది. ఎఫ్ అంకె ఎపర్చర్‌ది, అంటే వెలుతురు దూరే రంధ్రానిది, ఆ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. మీలాగే ఇంట్లో పెద్దవాళ్ల ఫిల్మ్ కెమెరాలు చేతికొచ్చినవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, ఇదే సందేహం వాళ్లనీ తిప్పలు పెడుతోంది.

ముందుగా ఆ చవక లెన్సు సంగతి. 28-80 పక్కన "జి" అన్న అక్షరం ఉందని మీరే రాశారు. జి రకం నికాన్ లెన్సులకి ఎపర్చర్ రింగు ఉండదు. కొత్త కెమెరాలు ఎపర్చర్‌ని బాడీలోంచే నడిపిస్తాయి కాబట్టి వాటికి ఆ రింగు అక్కర్లేదు. మీ ఎఫ్‌ఎం2కి ఆ పని చేతకాదు, దానికి రింగు ఉండి తీరాలి. జి లెన్సు పెట్టి చూస్తే వ్యూఫైండర్‌లో వెలుతురు బాగానే కనిపిస్తుంది, ఫోకస్ కూడా అవుతుంది. అందుకే షాపులో అనుమానం రాదు. షట్టర్ నొక్కిన క్షణంలో మాత్రం ఎపర్చర్ పూర్తిగా మూసుకుపోయి, ఎఫ్ 22 లాంటి చివరి అంకెకి వెళ్లిపోతుంది. మీటర్‌కి ఈ సంగతి తెలియదు, అది చెప్పేది నమ్మడానికి లేదు. 400 ఫిల్మ్ (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుతురు చాలు) వేసుకుంటే, మండుటెండలో 1/250 సెకను షట్టర్ దగ్గర నాలుగు ఫోటోలు వస్తాయేమో. నీడలోకి వెళ్తే రీలంతా నల్లగానే వస్తుంది. డిజిటల్ కెమెరాలతో వచ్చే 18-55 లాంటి డీఎక్స్ లెన్సులు ఎవరైనా ఇస్తామన్నా వద్దనండి. అవి చిన్న సెన్సర్ కోసం చేసినవి, ఫిల్మ్ ఫ్రేము మూలల దాకా చాలవు.

43-86 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మీ మామయ్య మాట వెనక ఉన్నది ఇలాంటి లెన్సులే అని నాకు అనిపిస్తోంది. 35 మి.మీ. స్టిల్ కెమెరాలకి మొదటి జూమ్ 1959లో వచ్చిన ఫోక్ట్‌లాండర్ జూమార్, 36-82 ఎఫ్ 2.8. నికాన్ 43-86 వచ్చింది 1963లో. ఒక్క లెన్సుతో కాస్త వెడల్పు, కాస్త దగ్గర రెండూ దొరకడం అప్పట్లో పెద్ద సౌకర్యం కాబట్టి అది బాగా అమ్ముడుపోయింది. కానీ దాని తొలి వెర్షన్‌లో 43 దగ్గర గోడలు బయటికి ఉబ్బుతాయి, 86 దగ్గర లోపలికి నొక్కుకుపోతాయి. ఎదురు వెలుతురు తగిలితే బొమ్మంతా వెలిసిపోతుంది. 1976లో లోపలి గాజుల అమరిక మార్చి చాలావరకు బాగుచేశారు. అయితే అప్పటికే "జూమ్ అంటే రాజీ" అన్న మాట స్టూడియోల్లో పాతుకుపోయింది. ఆ లెన్సులు చూసిన తరానికి 50 మీద అంత నమ్మకం ఉండడం న్యాయమే. ఎనభైల్లో వచ్చిన జూమ్‌లకి ఆ మాట వర్తించదు.

43-86తో ఇంకో ప్రమాదం ఉంది. 1977కి ముందు చేసిన నికాన్ లెన్సులు ఏఐ రకం (ఎపర్చర్ ఎంత పెట్టామో బాడీకి తెలిపే ఏర్పాటు ఉన్నవి) కావు. వాటిని ఎఫ్‌ఎం2కి బిగిస్తే బాడీ మౌంట్ చుట్టూ ఉన్న చిన్న మీట దెబ్బతింటుంది. ఎఫ్‌ఎం, ఎఫ్ఈ కెమెరాల్లో ఆ మీటని పైకి మడవొచ్చు, ఎఫ్‌ఎం2లో ఆ ఏర్పాటు లేదు. గుర్తుపట్టడం తేలిక. ఏఐ లెన్సు ఎపర్చర్ రింగు మీద అంకెలు రెండు వరసల్లో ఉంటాయి, ఒకటి పెద్దగా, దాని వెనక ఇంకోటి చిన్నగా. ఒక్క వరసే ఉంటే ఆ లెన్సుని మీ కెమెరా దగ్గరికి కూడా తేవద్దు. పెద్దాయన ప్రేమతో ఇస్తానన్నా సరే.

ఇక అందరూ మెచ్చుకుంటున్న 2.8. అది మంచి లెన్సే, అందులో సందేహం లేదు. 1987లో మొదటిసారి వచ్చింది, 1992లో డి వెర్షన్ వచ్చింది. పత్రికల ఫోటోగ్రాఫర్లు ఏళ్ల తరబడి దాన్నే వాడారు. ఎపర్చర్ రింగు ఉంది కాబట్టి మీ కెమెరా మీద పనిచేస్తుంది కూడా. అయినా మీకు వద్దంటున్నాను.

మొదటి కారణం మసక. ఈ మోడల్‌కి బాగా తెలిసిన జబ్బు ఒకటుంది. లోపలి గాజుల్లో ఒకదాని మీద కాలం గడిచేకొద్దీ తెల్లటి మసక కమ్ముతుంది. బయటినుంచి మామూలుగా చూస్తే తెలియదు. ఫోటోల్లో మాత్రం నలుపు బూడిదరంగులోకి మారిపోతుంది, ఎదురు వెలుతురులో తీసినవి అసలు నిలబడవు. మన తీరప్రాంతంలో ఏళ్ల తరబడి ఉన్న కాపీ అయితే ఈ అనుమానం రెట్టింపు. శుభ్రం చేయగల మెకానిక్ దొరికినా ఖర్చవుతుంది, మళ్లీ రాదన్న హామీ ఉండదు. రెండో కారణం బరువు. అది మీ ఎఫ్‌ఎం2 బాడీ కంటే బరువైన లెన్సు. మధ్యాహ్నం నుంచి పొద్దుపోయేదాకా సంబరంలో మెడలో వేసుకుని నిలబడాల్సింది మీరే. మూడోది ఫోకస్ రింగు. ఆటోఫోకస్ లెన్సుల్లో రింగుని మోటారు సులువుగా తిప్పేలా చేస్తారు, కొద్దిగా తిప్పితే చాలు ఫోకస్ దాటిపోతుంది. చేత్తో ఫోకస్ చేసేవాళ్లకి మాన్యువల్ లెన్సులో ఉండే నిదానమైన, బిగువైన తిప్పుడే కావాలి.

"మరి చీకట్లో 2.8 ఉపయోగం కదా" అంటారు. ఇక్కడే లెక్క చూడాలి. ఒక పల్లెలో రాత్రిపూట ట్యూబులైట్ల కింద తప్పెటగుళ్లు ఆడుతున్నారు, మీ 50ని ఎఫ్ 1.8లో పెడితే మీటర్ 1/125 ఇచ్చింది అనుకుందాం. అదే వెలుతురులో ఎఫ్ 2.8 జూమ్‌కి దాదాపు 1/60 కావాలి. ఎఫ్ 3.5కి 1/30. ఎఫ్ 4.5కి 1/15, మహా అయితే 1/20. గుండెల మీద డప్పు కట్టుకుని గంతులేసేవాళ్లని 1/60లో ఆపలేం, 1/30లోనూ ఆపలేం. అంటే 2.8 కొన్నా ఆ రాత్రి మీరు మళ్లీ 50 దగ్గరికే రావాలి. 2.8కీ 3.5కీ తేడా ఒక స్టాప్ (వెలుతురు సగానికి తగ్గడం లేదా రెట్టింపవడం) కూడా లేదు, మూడింట రెండు వంతులే. 1.8కీ 3.5కీ తేడా దాదాపు రెండు స్టాపులు. 50ని అమ్మి 2.8 కొనడమంటే చీకట్లో పనికొచ్చే లెన్సుని ఇచ్చేసి, చీకట్లో సగం సగం పనిచేసేదాన్ని తెచ్చుకోవడం. 50 మీ సంచిలో ఉన్నంతకాలం మీ జూమ్ వేగంగా, అంటే చిన్న ఎఫ్ అంకెతో, ఉండక్కర్లేదు. మీరు రాసిన మిగతా అన్ని విషయాలకంటే నాకు ముఖ్యంగా కనిపించింది ఇదే. కొనబోయే లెన్సుని ఒంటరిగా చూడకండి, చేతిలో ఉన్న లెన్సు పక్కన పెట్టి చూడండి.

మిగిలినవి రెండు.

35-70 ఎఫ్ 3.3-4.5 చిన్నది, తేలికైనది, సుమారు పావు కిలో. మాక్రో సెట్టింగు ఉంది కాబట్టి బాగా దగ్గరికి వెళ్లొచ్చు. పెళ్లిలో తలంబ్రాల పళ్లెం, పారాణి పెట్టిన పాదాలు లాంటివాటికి అది చాలా ఉపయోగం. దాని చిక్కు 70 దగ్గర వస్తుంది. అక్కడ ఎపర్చర్ 4.5కి పడిపోతుంది. మీ మీటర్ లెన్సు గుండా వచ్చే వెలుతురునే కొలుస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ విషయంలో భయం లేదు. బాధంతా వ్యూఫైండర్‌లో. ఎఫ్‌ఎం2 మధ్యలో ఉండే గుండ్రటి ముక్క, రెండు సగాలు కలిసేదాకా ఫోకస్ తిప్పుతాం చూడండి, దానికి వెలుతురు సరిపడా కావాలి. 4.5 దగ్గర కన్ను కాస్త పక్కకి జరిగినా ఒక సగం నల్లబడిపోతుంది. ఎండలో సర్దుకోవచ్చు. పొద్దువాలాక, నెట్టుకునే జనంలో, చిరాకు పుడుతుంది. మాన్యువల్ ఫ్లాష్ వాడితే ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. ఫ్లాష్ వెనక పట్టిక చూసి ఎపర్చర్ పెట్టి, తర్వాత 35 నుంచి 70కి జూమ్ చేస్తే దాదాపు ఒక స్టాప్ వెలుతురు తగ్గుతుంది. నెగెటివ్ ఫిల్మ్ అంతవరకు ఓర్చుకుంటుంది, అయినా తెలిసుండడం మంచిది.

36-72లో ఈ బాధ లేదు. ఎక్కడికి జూమ్ చేసినా ఎఫ్ 3.5 అలాగే ఉంటుంది. వ్యూఫైండర్ వెలుతురు మారదు, ఫ్లాష్ లెక్క మారదు. నికాన్ 1979లో ఈఎం అనే చిన్న కెమెరా తెచ్చి, దానికోసం సిరీస్ ఇ పేరుతో తక్కువ ధర లెన్సులు చేసింది. ఈ జూమ్ ఆ వరసలో 1981లో వచ్చింది. చవక వరస కావడంతో చాలామంది చిన్నచూపు చూశారు, ఆ చిన్నచూపు వల్లే ఇప్పటికీ ధర అందుబాటులో ఉంది. పాత మీటర్ కెమెరాలకి కావలసిన కొమ్ముల ముక్క దీని మీద ఉండదు. మీ కెమెరాకి దాని అవసరం లేదు. ఒకే రింగు ముందుకీ వెనక్కీ జరిపితే జూమ్, అదే రింగు తిప్పితే ఫోకస్. రెండు రింగుల మధ్య వేళ్లు వెతుక్కునే పని ఉండదు. కదిలేవాళ్లని తీసేటప్పుడు నేను దీన్నే ఇష్టపడతాను.

దీని లోపాలు కూడా చెప్పాలి. 1.2 మీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కాదు. ముఖం తీయడానికి అది చాలు, చేతి ఉంగరం తీయడానికి చాలదు. అలాంటప్పుడు 50 పెట్టుకోండి, అది వెర్షన్‌ని బట్టి 45 లేదా 60 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. రెండోది, వాడి వాడి ఈ జారే రింగులు వదులైపోతాయి. కెమెరాని కిందికి వంచితే లెన్సు తనంతట తానే జారిపోతుంది. కొద్దిగా జారితే పట్టించుకోకండి. రాయి పడ్డట్టు జారితే ధర తగ్గించమనండి, లేదా 35-70కే వెళ్లండి. ఇంకో చిన్న లాభం ఉంది. 36-72కీ, 35-70 ఎఫ్ 3.3-4.5కీ, మీ 50కీ ఫిల్టర్ కొలత ఒకటే, 52 మి.మీ. నలుపు తెలుపు ఫిల్మ్‌కి ఒక పసుపు ఫిల్టర్ కొంటే రెండు లెన్సులకీ సరిపోతుంది. 2.8కి అయితే 62 కొనాలి.

పదును గురించి మీరు అడగలేదు, కానీ షాపులో అందరూ మాట్లాడేది అదే. ఈ పాత లెన్సుల పరీక్షలు ఇప్పుడు ఎక్కువగా డిజిటల్ కెమెరాల మీద చేసినవి. మూలల్లో కాస్త మెత్తగా ఉందని వాటిలో రాస్తారు. మీరు 400 ఫిల్మ్ వేసి, ఎఫ్ 8లో తీసి, 8×12 సైజు ప్రింటు వేయిస్తే ఈ రెండు జూమ్‌లకీ మీ 50కీ తేడా పట్టుకోవడం కష్టం. ఫిల్మ్ మీద నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే రెండు ఉన్నాయి. ఒకటి గీతల వంపు. డిజిటల్ కెమెరా అయితే కొత్త లెన్సుల వంపుని లోపలే సరిచేసి ఇచ్చేస్తుంది, మనకి వంపు ఉన్నట్టే తెలియదు. ఫిల్మ్‌లో లెన్సు ఎలా గీస్తే అలాగే ఉంటుంది. శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయం ద్వారబంధం నిండా శిల్పాలే. ఆ నిలువు కమ్మీ ఫ్రేము అంచున పడితే 36 దగ్గర వంపు కనబడొచ్చు. అలాంటి చోట రెండడుగులు వెనక్కి వెళ్లి 50 చుట్టుపక్కల పెట్టండి, కెమెరాని పైకి ఎత్తకుండా సమంగా పట్టుకోండి. రెండోది ఎదురు వెలుతురు. కళింగపట్నంలో పొద్దు పొడిచేది సముద్రం మీద. సూర్యుడిని ఫ్రేములో పెట్టుకుని తీసేటప్పుడు జూమ్‌లో గాజులు ఎక్కువ కాబట్టి మచ్చలు, వెలిసిన పట్టీలు వచ్చే అవకాశమూ ఎక్కువే. 52 మి.మీ. హుడ్ ఒకటి బిగించుకోండి. సూర్యుడు ఫ్రేములోనే ఉంటే మాత్రం హుడ్ ఏమీ చేయలేదు, అప్పుడు 50 వాడండి.

ఇప్పుడు మీ సిరిమాను. ఇక్కడ జూమ్ నిజంగా అక్కరకొస్తుంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో ఒకసారి నిలబడ్డాక ముందుకి వెళ్లలేం, వెనక్కీ రాలేం. "50తో సరిపెట్టుకో, కాళ్లతో జూమ్ చెయ్" అన్న సలహా ఖాళీ వీధుల్లో బాగుంటుంది, సంబరంలో కుదరదు.

మన ఫిల్మ్ ఫ్రేము పొడవు 36 మి.మీ., మీ లెన్సు వెడల్పు చివర కూడా 36. రెండూ ఒకటే కావడంతో లెక్క సులువైపోయింది. కెమెరాని నిలువుగా పట్టుకుంటే, మీకూ మానుకీ ఎంత దూరం ఉందో అంత ఎత్తు ఫ్రేములో పడుతుంది. ఇరవై మీటర్ల దూరంలో నిలబడితే ఇరవై మీటర్ల ఎత్తు. అంటే కింద జనం తలలు, పైన మాను చివర కూర్చున్న పూజారి, రెండూ పడతాయి. 72కి జరిపితే అందులో సగం, పది మీటర్లు. 50తో అదే చోట నిలబడితే పద్నాలుగున్నర మీటర్లే పడేది, అందుకే మీకు పోయినసారి సగం తెగిపోయింది. సిరిమాను అమ్మవారి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి తొందరపడి అన్నీ మొదటిసారే తీయాలని చూడకండి. మొదటిసారి 36 దగ్గర ఉంచి మొత్తం తీయండి. రెండోసారి 72 దగ్గర పూజారిని, ఆయన మీదికి జనం విసిరే అరటిపళ్లని. మూడోసారికి వెలుతురు ఎలా ఉందో చూసి నిర్ణయించుకోండి. సిరిమానుకి ముందు వెళ్లే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నేలమీద, మీ కంటి ఎత్తులో ఉంటాయి. వాటిని 50 చుట్టుపక్కల పెట్టి తీస్తే మనుషుల ముఖాలు బాగా వస్తాయి.

మీటర్ విషయంలో ఒక హెచ్చరిక. మానుని తీసేటప్పుడు ఫ్రేము నిండా తెల్లటి ఆకాశమే ఉంటుంది. మీ మీటర్ మధ్యభాగాన్నే ఎక్కువ లెక్కలోకి తీసుకుంటుంది, ఆకాశం చూసి మోసపోతుంది, పూజారి నల్లటి నీడలా మిగిలిపోతాడు. కెమెరాని కిందికి దించి, అదే ఎండ పడుతున్న మీ అరచేతిని చూపించి మీటర్ తీసుకోండి. దానికంటే ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు ఇచ్చి, ఆ షట్టర్, ఆ ఎపర్చర్ అలాగే ఉంచి మానుని తీయండి. కలర్ నెగెటివ్ ఎక్కువ వెలుతురుని బాగా ఓర్చుకుంటుంది, తక్కువైతేనే పాడవుతుంది. దసరా రోజుల్లో మన దగ్గర ఐదున్నర దాటేసరికే పొద్దు గుంకుతుంది. 200 ఫిల్మ్‌తో మొదలుపెడితే చివరి తిరుగుడికి షట్టర్ స్పీడు చాలదు. 400 వేసుకోండి.

ముందురోజు తొలేళ్ల రాత్రి వెళ్తున్నారా? ఆ రాత్రికి జూమ్ ఇంట్లో ఉంచేయండి. 50 ఒక్కటే తీసుకుని, హెచ్‌పీ5 లాంటి నలుపు తెలుపు ఫిల్మ్‌ని 1600 దగ్గర తీసి, అలాగే పుష్ చేసి, అంటే మామూలుకంటే ఎక్కువసేపు, కడగమని ల్యాబ్‌కి రాసివ్వండి. రీలు మొత్తం 1600లోనే తీయాలి, మధ్యలో మార్చడానికి వీల్లేదు.

నికాన్ కాకుండా వేరే కెమెరాలున్న పాఠకుల కోసం రెండు మాటలు. మినోల్టా ఉన్నవాళ్లు ఎండీ 35-70 ఎఫ్ 3.5 వెతుక్కోండి. మినోల్టా, లైకా కలిసి పనిచేసిన రోజుల్లో ఆ రూపకల్పనే లైకా పేరుతో కూడా అమ్ముడైంది. కెనాన్ ఎఫ్‌డీ వాళ్లకి 35-70 ఎఫ్ 4 తేలికైనది, నమ్మదగ్గది. యాషికా ఎఫ్ఎక్స్-3 చాలా ఇళ్లలో ఉంది. దానికి కాంటాక్స్ కోసం చేసిన జైస్ లెన్సులు కూడా సరిపోతాయి. 35-70 ఎఫ్ 3.4 వారియో సొనార్ దొరికితే, డబ్బుంటే, దాన్ని మించింది ఈ కోవలో తక్కువ. రెండు మూడు కంపెనీల బాడీలు ఉన్నవాళ్లకి టామ్రాన్ అడాప్టాల్ 35-80 మంచిది, వెనక మౌంట్ ముక్క మార్చుకుంటే చాలు.

షాపుకి వెళ్లినప్పుడు మీ కెమెరా వెంట తీసుకెళ్లండి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి, ముందునుంచి లోపలికి చూడండి. దుమ్ము రేణువులు నాలుగైదు కనిపిస్తే పర్వాలేదు, అవి ఫోటోలో రావు. సన్నటి దారాల్లా అల్లుకున్న గీతలు కనిపిస్తే అది ఫంగస్. పాలు కలిపినట్టు తెల్లగా కమ్మితే మసక. ఈ రెండిట్లో ఏది ఉన్నా ధర ఎంత తగ్గించినా వద్దు, ముఖ్యంగా వెనక గాజు మీద ఉంటే. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందా చూడండి. ఎపర్చర్ రింగుని చివరి అంకెకి తిప్పి, వెనక ఉన్న చిన్న మీటని వేలితో కదిపి వదిలితే రేకులు చటుక్కున మూసుకోవాలి, బద్ధకంగా కదిలితే ప్రతి ఫోటో తెల్లబడుతుంది. కెమెరాకి బిగించి, వీధి చివర కనిపించే బోర్డు మీద ఫోకస్ చేసి, 36లోనూ 72లోనూ రెండు సగాలు సరిగ్గా కలుస్తున్నాయా చూసుకోండి.

ఇంటికి తెచ్చాక మీ మామయ్య తోలు సంచిలో మాత్రం పెట్టకండి. తోలు తేమ పీలుస్తుంది. వానాకాలంలో మన వైపు గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే, 60 దాటితేనే ఫంగస్‌కి అనువు. బీరువాలో బట్టల మధ్య, కలరా ఉండల పక్కన కూడా వద్దు. గాలి చొరని మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, నీలం సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు వేసి, 40-50 మధ్య ఉండేలా చూసుకోండి. నీలం గులాబీ రంగుకి తిరిగితే సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతుంది. సముద్రం దగ్గర తీసి వచ్చిన రోజు ముందు మెత్తటి బట్టతో బాడీ, లెన్సు బయటి భాగం తుడిచి, తర్వాతే డబ్బాలో పెట్టండి. ఉప్పు అంటుకుని ఉండిపోతే రింగులు బిగుసుకుంటాయి.

కొన్నాక ఒక రీలు పరీక్షకే వాడండి, డబ్బు దండగ అనుకోకండి. కోట గోడని ఎదురుగా నిలబడి 36, 50, 72 దగ్గర. పెద్ద చెరువు గట్టు మీంచి అవతలి ఒడ్డుని ఎఫ్ 3.5లో, ఎఫ్ 8లో. ఇంట్లో కిటికీ పక్కన ఒకరి ముఖం 1.2 మీటర్ల దగ్గర. సూర్యుడు ఫ్రేము మూలన ఉండేలా ఒకటి. ప్రతి ఫ్రేముకీ ఎపర్చర్, షట్టర్, జూమ్ ఎంతో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, లేకపోతే నెగెటివ్ చేతికొచ్చాక ఏది ఏదో తెలియదు. అదే సీను రెండుమూడు చోట్ల 50తో కూడా తీసి పక్కపక్కన పెట్టి మామయ్యకి చూపించండి. షాపువాళ్లతో వాపసు గడువు ముందే మాట్లాడుకోండి. ల్యాబ్‌కి కొరియర్ వెళ్లి, కడిగి, స్కాన్లు రావడానికి రోజులు పడతాయి కాబట్టి సిరిమాను మంగళవారానికి కనీసం నెల ముందే లెన్సు కొనేయండి.